మా సార్ వేయని పద్మాసనం

కొత్త ఫ్లెక్సీ వాసన నాకు పడదు. మొన్న తార్నాకలో బస్సు దిగి మా గల్లీ మలుపు తిరగగానే ఆ ఘాటు గుప్పుమని కొట్టింది. తలెత్తి చూస్తే రెండు గుంజలకు కట్టిన ఫ్లెక్సీలో మా యోగా సార్, యాదగిరి సార్, పద్మాసనంలో కూర్చుని ఉన్నారు. తల మాత్రమే సార్‌ది. మెడ నుంచి కిందికి ఎవడిదో కండలు తిరిగిన ఒళ్లు. చుట్టూ సంతాపం తెలుపుతూ కాలనీ కమిటీ పెద్దల ముఖాలు, అందులో ప్రెసిడెంటుది సార్ ముఖం కంటే పెద్దది. స్కూటర్ మీద నుంచి పడ్డ నాటి నుంచి సార్‌కు ఎడమ మోకాలు వంగదు. బతికినన్నాళ్లూ ఆ కాలు చాపుకునే కూర్చున్న మనిషికి, పోయాక పద్మాసనం వేయించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు ఆయన మల్కాజ్‌గిరిలో ఓ బడికి డ్రిల్లు మాస్టరు. తెల్లారకముందే మా గల్లీ ఆడవాళ్లనూ పిల్లలనూ వెంటేసుకుని, మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని, కుంటుకుంటూ మా గల్లీ పక్కనే ఉన్న యూనివర్సిటీలోకి నడిచేవారు. అక్కడ పెద్ద బండరాళ్ల పక్కన చదును నేల మీద జంపఖానాలు పరిచేవాళ్లం. చలికాలం మంచుకు తడిసిన గడ్డి వాసన, ఎండాకాలం వీపుల మీద రాలే వేపపూత, బతుకమ్మ రోజుల్లో క్లాసు అయ్యాక పొదల్లో దూరి ఒళ్లంతా గీరుకుంటూ కోసుకొచ్చే తంగేడు పూలు, ఆ సాయంత్రం అమ్మ రొట్టెలు నలిపి చేసి పంచే మలీద ముద్దల్లో బెల్లం తీపి, బండల వెనక మా దొంగ పోలీస్ ఆటలు, అన్నీ ఆ నేల చుట్టూనే తిరిగేవి.

సార్ క్లాసులో హాజరు చివర్లో ఉండేది. అందరూ శవాసనంలో పడుకున్నాక, ఆయన మధ్యలో తిరుగుతూ ఒక్కొక్కరినే మెల్లగా పేరు పెట్టి పిలిచేవారు. "పిలిచెదాంక ఎవ్వరు లేవొద్దు," అదొక్కటే ఆయన పెట్టిన రూలు. పిల్లలం ముందు లేచేవాళ్లం. మా అమ్మ పేరు ఎప్పుడూ ఆఖరే. అందరూ లేచి జంపఖానాలు దులుపుతుంటే, అమ్మ ఒక్కతే కళ్లు మూసుకుని పడుకుని ఉండేది. నాకు సిగ్గేసి ఒకసారి అడిగాను.

"మా అమ్మనెందుకు సార్ గింతసేపు పండవెడ్తరు?"

"ఇంటికి పోతె మళ్ల నడుము వాల్చేది రాత్రికే గద బిడ్డా. గీడనన్న పండుకోనియ్యి."

ఆయనకెలా తెలుసో. ఇంటెడు చాకిరీ చేసే అమ్మను నానమ్మ "ఓ కోడలా" అనేది, నాన్న "ఏమే" అనేవాడు. "సత్తెమ్మా" అని నిండుగా పిలిచింది సార్ ఒక్కరే.

వానాకాలం ఆ నేల బురదయ్యేది. వానలు పోయేదాకా కాలనీ హాలు వాడుకుంటామని సార్ అడిగితే, ఇప్పుడు ఫ్లెక్సీలో పళ్లికిలిస్తున్న ఈ ప్రెసిడెంటే అందరి ముందూ అన్నాడు: "తన కాలే మడవరానోడు మనకేం నేర్పుతడు?" నవ్వినవాళ్లు నవ్వారు, హాలుకు తాళం పడింది. సార్ కుర్చీ తీసుకెళ్లి తన ఇంటి వరండాలో వేసుకున్నారు. ఆడవాళ్లు ఒకరి కాళ్లు ఒకరికి తగులుతుంటే అక్కడే ఇరుక్కుని చేశారు.

ఆ నవ్వినవాళ్లే కష్టమొస్తే సార్ ఇంటి గేటు పట్టుకుని ఊపేవాళ్లు. అన్నదమ్ముల తగాదా అయినా, ఆస్పత్రిలో మంచం దొరక్కపోయినా, "ఓ యాదగిరి సారూ!" అని కేక. కొడుకు ఇంటర్ తప్పి ఇంట్లోంచి వెళ్లిపోతే ప్రెసిడెంటూ మిట్టమధ్యాహ్నం వచ్చి అలాగే అరిచాడు. సార్ కంచం ముందు నుంచి లేచి, ఆ కాలు ఈడ్చుకుంటూ పోయి, లాలాగూడ స్టేషన్‌లో పిల్లవాణ్ణి పట్టుకుని తీసుకొచ్చారు. ఒక్కనాడూ ఈ కాలనీ ఆయన్ను మధ్యాహ్నం కునుకు తీయనివ్వలేదు. ఆ సిగ్గులేనితనాన్ని నేను క్షమించలేను, క్షమించాలని కూడా లేదు.

సంతాప సభ ఆ హాల్లోనే పెట్టారు. సార్‌కు తెరుచుకోని తలుపులు సార్ ఫొటోకు బార్లా తెరిచారు. మోకాళ్ల నొప్పులతో అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ప్రెసిడెంటు గొంతు గద్గదం చేసుకుని, సార్ తనకు సొంత అన్నలాంటివాడని చెప్పి, మైకు నోటికి ఆనించి పిడికిలి ఎత్తాడు.

"జోహార్ యాదగిరి సార్!"

"జోహార్! జోహార్!" హాలంతా అందుకుంది. అతను మళ్లీ అరిచాడు, మళ్లీ, ఇంకా గట్టిగా.

అమ్మ నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"ఏందయ్యా గీ ఒర్లుడు? ఆయన పేరు పిలువకుండ్రి! గిప్పుడన్న పండుకోనియ్యుండ్రి ఆయన్ను!"

మైకు ఆగింది. మేమిద్దరం బయటికి వచ్చేశాం.

యూనివర్సిటీలో ఆ చదును నేలకు ఇప్పుడు కంచె వేశారు, తంగేడు పొదలు కొట్టేశారు. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మ చాప పరుచుకుని, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకుని పడుకుంది. పొద్దు గుంకినా లేవలేదు. దగ్గరికి వెళ్లి "అమ్మా" అన్నాను. కళ్లు తెరవకుండానే, "పిలిచేది నువ్వు గాదు బిడ్డా," అంది.