కృపమ్మ తెల్లచీర

కాశిబుగ్గలో మా గల్లీ చివర గ్రేస్ ఇంటికి పాత బట్టలు వస్తాయి, కొత్తవై పోతాయి. చిరుగు పట్టిన పట్టుచీర ఆడపిల్లకు లంగా అవుతుంది. మోకాళ్లు పోయిన జీన్స్ ప్యాంటు కూరగాయల సంచి అవుతుంది. నాలుగు పాత లుంగీలు కలిస్తే బొంత అవుతుంది. చెయ్యి మంచిదే, మనిషే ఒట్టి పిరికిది. కత్తెర పెట్టే ముందు గుడ్డను మూడుసార్లు కొలుస్తుంది. నాలుగోసారి పక్కింటి నుంచి నన్ను పిలుస్తుంది, "వదినా, జర చూడు, కరెక్టేనా?" అని. నాకు టేపు మీద అంకెలే సరిగా కనబడవు. అయినా కరెక్టే అంటాను. ఆమెకు కావలసింది కొలత కాదు, తోడుదొంగ.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి ఏమీ అడగకుండా కత్తెర పెట్టింది.

మా చర్చికే వచ్చే షారోన్ ఒక సోమవారం పొద్దున తెల్లచీర తెచ్చింది. ఆ ఆదివారం ఆమె ఆరునెలల కూతురికి బాప్తిస్మం. "మా అత్తమ్మ పెండ్లి చీర అక్కా. బీరువాల ఊకెనే పడున్నది. పాపకు గౌను కుట్టు. అత్తమ్మ పరకాలల బిడ్డ దగ్గరికి పోయింది, శనివారం వస్తది. సూసి ఖుష్ అయితది" అంది. మా ఇళ్లలో ఇది మామూలే. పెళ్లినాడు కట్టిన తెల్లచీరే ఏళ్ల తర్వాత మనవరాలి బాప్తిస్మం గౌను అవుతుంది. అందుకే గ్రేస్‌కు ఏ అనుమానమూ రాలేదు.

చీర విప్పుతుంటే నాఫ్తలీన్ ఉండలతో పాటు చిన్న కాగితం జారిపడింది. కొత్త సంవత్సరం ప్రార్థనలో తీసుకునే, బైబిల్ వచనం ఉండే వాగ్దానం కాగితం అనుకుంది. దాన్ని చీరల మడతల్లో దాచడం మా ఆడవాళ్ల అలవాటు. నా బీరువాలోనే పదకొండు ఉన్నాయి. ఒక్కటి కూడా మళ్లీ చదివిన పాపాన పోలేదు. గ్రేస్ కూడా చదవకుండానే దాన్ని బైబిల్లో పెట్టి, కొంగు వైపు నుంచి రెండు గజాలు కోసింది.

గురువారానికి గౌను పూర్తయింది. కాగితం తిరిగి ఇచ్చేద్దామని తీసి, ఏ వచనమో చూద్దామని విప్పింది. వచనం లేదు. వంకర అక్షరాలతో ఇంతే ఉంది: "నన్ను సమాధి చేసే రోజు ఈ చీర కట్టాలె. కృపమ్మ."

చెప్పులు కూడా లేకుండా మా ఇంటికి ఉరికొచ్చింది. కాగితం నాకు చదివి వినిపించింది.

"షారోన్‌కు చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన. ఫోన్ల ఏడుస్తాంది. అత్తమ్మకు నువ్వే చెప్పక్కా అంటాంది. నేనెట్ల చెప్పాలె వదినా? సావు చీర కోసిన. ఆ ముసలామెకు రేపు ఏమన్నయితే నా చేతులతోటి అయినట్టే గద?"

"ఏం కాదు, ఫికర్ చెయ్యకు" అన్నాను గానీ, లోపల నాకూ భయంగానే ఉంది. కోపం కూడా వచ్చింది. అడగకుండా తెచ్చినందుకు షారోన్ మీద, నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి దాచినందుకు కృపమ్మ మీద. మళ్లీ అనిపించింది, పెద్దవాళ్లు చావు మాట ఎత్తగానే "గట్లనకు" అని నోరు మూయించేది మనమే గదా. ఆమె మాత్రం ఎక్కడ చెప్పుకుంటుంది?

శుక్రవారమంతా గ్రేస్ అన్నం ముట్టలేదు. గౌను కుట్లు విప్పి మళ్లీ చీరకు అతికితే ఎట్లా ఉంటుందని ఒకసారి, అచ్చం అలాంటి చీరే కొనిస్తే తెలియదేమోనని ఒకసారి. చౌరస్తా దుకాణాలన్నీ తిరిగి వచ్చింది. నలభై ఏళ్లు మడతలో ఉన్న తెలుపు ఏ దుకాణంలో దొరుకుతుంది?

శనివారం నన్ను తోడు తీసుకొని షారోన్ ఇంటికి వెళ్లింది. కృపమ్మ అప్పుడే బస్సు దిగి వచ్చి, మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. షారోన్ ఇంకా ఏమీ చెప్పలేదని ముసలామె ముఖం చూస్తేనే తెలిసింది. గ్రేస్ సంచి విప్పింది. గౌను, మిగిలిన చీర, కాగితం మూడూ మంచం మీద పెట్టి నిలబడింది.

"తప్పయింది పెద్దమ్మా. సదవకుంట కోసిన."

కృపమ్మ ముందు కాగితం చూసింది. తర్వాత గౌను అంచును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు తడిమింది. "మా నాయిన ఈ కాశిబుగ్గలనే మగ్గం మీద చెప్పి నేయించిండు" అంది. తలెత్తి కోడలిని చూసి, "నా చీర గద బిడ్డా. నన్నొక్క మాట అడగద్దా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆమె లేచి, మిగిలిన చీరను కట్టుకున్న చీర మీదే నడుము చుట్టూ తిప్పి చూసుకుంది. ఒక చుట్టు తిరిగి కొంగు భుజం మీదికి వచ్చేసరికి గుడ్డ అయిపోయింది.

"కుచ్చిళ్లకు సాలది" అంది.

ఆ మాటకు గ్రేస్ భోరుమంది.

"ఏడువకు. పండుకున్నోళ్లకు కుచ్చిళ్లెందుకే? మీద కప్పితే సాలు. గౌను రేపు పాపకు తొడుగుండ్లి, కోసినంక దాసుకుంటె ఏం ఫాయిదా?" అని కోసిన వైపు చూపించింది. "ఇగో, ఈడ పోగులు ఊడిపోతానయి. అంచు మడిచి కుట్టియ్యి. పొడుగు సరిపోతదో లేదో, ఒకపాలి నన్ను కొల్వు."

మేము వద్దనేలోపే మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, చేతులు రెండూ గుండె మీద పెట్టుకుంది.

గ్రేస్ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, మెడలోని టేపు తీసి, ఆ బతికున్న మనిషిని తల నుంచి పాదాల దాకా కొలిచింది.

"సరిపోతదా?" అని కృపమ్మ కళ్లు మూసుకునే అడిగింది.

"సరిపోతది పెద్దమ్మా."

ఆ రోజు గ్రేస్ రెండోసారి కొలవలేదు. కరెక్టేనా అని నన్నూ అడగలేదు.