విశాఖ లైను

పాత టెలిఫోన్ బోర్డు వాడడం తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటూ నిషిత అనే అమ్మాయి ఒక పొద్దున పటాన్‌చెరు వచ్చింది. ఆమె టీవీ సిరీస్‌లకు కథలు రాస్తుంది. సొంతూరు సంగారెడ్డి. ఇప్పుడు రాస్తున్నది 1971 యుద్ధం నాటి గూఢచారి కథ. విశాఖ రేవు రహస్యాలను ఎవరో శత్రువుకి చేరవేస్తుంటారు. ఆ దొంగను పట్టుకోవడానికి కథానాయిక టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరుతుంది. బొంతపల్లి దగ్గర మూతబడిన ఒక కంపెనీ ఆఫీసులో సెట్టు వేశారు, బోర్డు కూడా సంపాదించారు. దాని ముందు కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు. రిటైరైన ఉద్యోగుల సంఘంలో అడిగితే నాగరత్నం పేరు చెప్పారు.

నాగరత్నానికి అరవై ఎనిమిదేళ్ళు. గేటు తీసిన అమ్మాయిని చూసి ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిందేమో అనుకుంది. విషయం విన్నాక, బోర్డు ఏ రంగులో ఉందని అడిగింది. బూడిద రంగు అని నిషిత చెబితే, వస్తానంది.

ఆమె పుట్టింది పాలకొల్లులో. తండ్రి ఇక్కడి పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి కుటుంబాన్ని తీసుకొచ్చాడు. 1979లో డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. పెద్దకూతురు కనుక ఇరవై రెండేళ్ళకే నాగరత్నానికి ఆయన బదులు ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసు మెట్ల కింద చిన్న గది, ఒక బోర్డు, ఒక కుర్చీ. ఫ్యాక్టరీలో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు, మొహం తెలిసినవాళ్ళు కొద్దిమంది. ఇద్దరు చెల్లెళ్ళను చదివించి పెళ్ళిళ్ళు చేసింది. తన పెళ్ళి మాట కొన్నేళ్ళపాటు చుట్టాలు ఎత్తారు, ఆమె ఇప్పుడు కాదంటూ వచ్చింది. తరవాత వాళ్ళు ఎత్తడం మానేశారు. తల్లి కూడా పోయాక రెండు గదుల ఇల్లూ ఆమెకే మిగిలింది.

పక్కింటి చంద్రకళ ఒక్కతే రోజూ పలకరించే మనిషి. వాళ్ళది పప్పుల వ్యాపారం. ఆమె కూడా పనుల మధ్య గోడ మీంచి రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేది. మిగతా రోజంతా నాగరత్నం మాట్లాడకుండానే గడిచిపోయేది. ఒక్కోసారి సాయంత్రం కూరగాయల బండి దగ్గర నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. ఉదయం నుంచి అదే మొదటి మాట అని అప్పుడు తెలిసేది.

సెట్టులో బోర్డు ముందు కూర్చోగానే ఆమె చేతులు వాటంతట అవే కదిలాయి. ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఏ దీపం వెలిగితే ఏ పిన్ను తియ్యాలో వెతుక్కోలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొడితే సిగ్గుపడి లేచిపోబోయింది. కథానాయిక వేషం వేస్తున్న శ్రావ్య ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, పక్కనే ఇంకో కుర్చీ వేసుకుంది.

శ్రావ్య మూడు రోజులు నేర్చుకుంది. తీగ పట్టుకుని లాగకూడదు, పిన్ను మెడ పట్టుకుని తియ్యాలి. ఇద్దరు మాట్లాడుకుంటుండగా లైన్లోకి వెళ్ళాల్సి వస్తే ముందు ఊపిరి బిగపట్టాలి. ఊపిరి తీసిన చిన్న చప్పుడుకే అవతలివాళ్ళు పసిగట్టేస్తారు. ఈ మాట నిషితకు ఎంతో నచ్చి పుస్తకంలో రాసుకుంది. దగ్గరగా తీసే షాట్లలో మాత్రం శ్రావ్య వేళ్ళు తడబడ్డాయి. దర్శకుడు నాగరత్నం చేతులకే రంగు పూయించి, నరాలు కనబడకుండా చేసి, కథానాయిక గాజులు తొడిగించి తీశాడు.

రోజూ పొద్దున కారు వచ్చేది. ఎక్కగానే డ్రైవరు నమస్తే అనేవాడు. అక్కడ ఇరవైమంది పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఆ పన్నెండు రోజులూ ఆమె గొంతు బొంగురు పోలేదు.

ఒక మధ్యాహ్నం జనరేటరు ఆగిపోయింది. శ్రావ్య, నాగరత్నం షెడ్డు నీడలో కూర్చుని పెరుగన్నం తిన్నారు. గాలి తిరిగినప్పుడల్లా మందుల ఫ్యాక్టరీల వాసన వస్తోంది. ఆ పిల్ల మాటల్లో అడిగింది, అన్నేళ్ళలో ఎవరి మాటలైనా దొంగచాటుగా విన్నారా అని. వినలేదని నాగరత్నం చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఎవరూ ఏమీ అడగకుండా గడిచిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పేసింది.

కంపెనీకి విశాఖలో ఇంకో ఫ్యాక్టరీ ఉండేది. 1983లో రెండింటి మధ్యా నేరుగా ఒక లైను వేశారు. రోజూ ఎనిమిదింటికి అటు ఆపరేటరు, ఇటు ఆపరేటరు మాట్లాడి లైను బాగుందో లేదో చూసుకోవాలి. అటువైపు ఆయన పేరు సూర్యప్రకాశరావు. "గుడ్ మార్నింగ్ పటాన్‌చెరు, వినబడుతోందా?" అనేవాడు. వినబడుతోందండీ అని ఈమె అనేది. పని అంతే. అధికారులు వచ్చేసరికి తొమ్మిదవుతుంది కనుక మిగతా సమయం వాళ్ళది. సముద్రం ఇవాళ ఏ రంగులో ఉందో ఆయన చెప్పేవాడు. ఇక్కడ మబ్బు పట్టిందనో, చెల్లెలికి సంబంధం కుదిరిందనో ఈమె చెప్పేది. ఒకసారి తుఫాను గాలి వినమని ఆయన రిసీవరును కిటికీ దగ్గర పెట్టాడు. తల్లి పోయి పదో రోజు ఈమె తిరిగి డ్యూటీలో చేరినప్పుడు, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా గంటసేపు లైను మీదే ఉండిపోయాడు. మీరు అనే మాట ఇద్దరూ ఎన్నడూ దాటలేదు. పదకొండేళ్ళు అలా గడిచాయి.

1989లో ఆయన రెండు రోజుల శిక్షణకి పటాన్‌చెరు వస్తున్నానన్నాడు. నాగరత్నం కొత్త చీర కొంది. ఆయన వచ్చే రోజు పొద్దున చీర కట్టుకుని, గడియ తియ్యబోయి, ఆగిపోయింది. ఆయనకు తన మొహం నచ్చకపోతే ఆ తరవాత రోజూ ఎనిమిదింటికి ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నాలుగో రోజు లైన్లో ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగితే జ్వరమంది. 1994లో ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. బోర్డు తీసేశారు. ఆమెను డిస్పాచ్ సెక్షనుకి మార్చారు. ఆయనను ఎక్కడికి మార్చారో తెలియలేదు.

శ్రావ్య కళ్ళు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. అంతలో కరెంటు రావడంతో పిలిచారు.

షూటింగు అయిపోయింది, కారు రావడం మానేసింది. ఏడు నెలలకు సిరీస్ వచ్చింది. చంద్రకళ పట్టుబట్టి తమ ఇంట్లో పెద్ద టీవీలో పెట్టింది. మొదటి భాగంలో బోర్డు మీద రెండు చేతులు కనబడగానే ఆమె ఇటు తిరిగింది.

"అక్కా, గవి నీ చేతులే గదా. గా మచ్చ జూస్తె గుర్తుబట్టిన."

నాగరత్నం నవ్వింది. ఆ సాయంత్రం చంద్రకళ దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పింది. రోజుకో భాగం చొప్పున చూశారు. మూడో భాగంలో కథానాయికకు లైన్లో ఒక గొంతు పరిచయమైంది. అది సముద్రం రంగు చెప్పింది, తుఫాను వినిపించింది. నాగరత్నం చీర చెంగు వేలికి చుట్టుకుంటూ చూసింది. నాలుగో భాగంలో ఆ మనిషి కలవడానికి వచ్చాడు. కథానాయిక కొత్త చీర కట్టుకుని గడియ దగ్గర ఆగిపోయింది. అయిదో భాగంలో అతనే శత్రువు మనిషని తేలింది. రోజూ ఆప్యాయంగా మాట్లాడింది ఆమె దగ్గర ఓడల సమాచారం లాగడానికట.

"నాకు ముందే డౌటొచ్చింది. గంత తియ్యగ మాట్లాడెటోడు ఉత్తగనే మాట్లాడుతడా?" అంది చంద్రకళ.

తలనొప్పిగా ఉందని చెప్పి నాగరత్నం ఇంటికి వచ్చేసింది. నిషితకు చెప్పేసిన శ్రావ్య మీద కోపం రాలేదు. ఎవరికీ చెప్పవద్దని తాను అనలేదు. కానీ ఆ రోజంతా తన పదకొండేళ్ళనీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుని చూసుకుంది. ఆయన అడిగిన ప్రశ్నల్లో ఏదైనా అడగకూడనిది ఉందా అని. మబ్బు పట్టిందా అని అడగడంలో ఏముంటుంది? అలా వెతుకుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు నిషితకు ఫోన్ చేసింది. నమస్కారాలయ్యాక, అయిదో భాగం దాకా చూశానని చెప్పింది.

"ఆయన ఏనాడూ కంపెనీ సంగతి ఒక్కటి కూడా అడగలేదండీ," అంది. "అలాంటి మనిషి కాదు."

నిషితకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అమ్మా, నేను ఆ సారు గురించి రాయలె," అంది మెల్లగా. "గది కథ. మంచోడు మంచోడిగనే ఉంటె కథ ముంగటికి పోదు. మిమ్మల్ని ఒక్కమాట అడగాల్సుండె. అడగలె. తప్పు నాదే."

నాగరత్నం పరవాలేదంది. ఇంతకూ ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడని నిషిత అడిగింది. తెలియదు. ఎప్పుడైనా వెతికారా అంటే, లేదు. ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్నే మిగిలింది. వేలమందికి వాళ్ళు అడిగిన మనిషిని కలిపి ఇచ్చింది, తన కోసం ఒక్క నంబరు కూడా అడగలేదు.

వారం తరవాత సంఘం ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళు విశాఖ సంఘం నంబరు ఇచ్చారు. విశాఖవాళ్ళు రెండు రోజులు ఆగమని, సూర్యప్రకాశరావు ఇంటి నంబరు ఇచ్చారు. ఆయన గాజువాకలో ఉంటున్నాడు. ఎనభై ఒకటో ఏడు.

పదకొండు గంటలప్పుడు, వంట ముగించి, కుర్చీలో కూర్చుని నంబరు నొక్కింది. అవతల ఎత్తిన గొంతు వణుకుతోంది. ఇంకెవరో పెద్దాయన కాబోలనుకుని, సూర్యప్రకాశరావుగారు ఉన్నారా అని అడిగింది. నేనే చెప్పండి, అన్నాడాయన. ఆమె పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఎక్స్‌ఛేంజి నుంచి, పాత ఉద్యోగిని మాట్లాడుతున్నానంది. తన గొంతు ఆయన పోల్చుకుంటాడేమోనని ఆగింది.

"పటాన్‌చెరా!" ఆయన సంతోషపడ్డాడు. "అక్కడ ఒకావిడ ఉండేదండీ. రోజూ పొద్దున్నే మాట్లాడుకునేవాళ్ళం. పేరు నోటి దగ్గరే ఉంది, రావడం లేదు. ఈమధ్య అన్నీ అలాగే అవుతున్నాయి. మీరు ఆవిడ తరవాత వచ్చారా?"

నాగరత్నం నోటిదాకా తన పేరు వచ్చింది. ఆ పేరు గుర్తు రాని మనిషికి ఆ పేరు అప్పగించి ఏం చెయ్యాలో తెలియలేదు.

"అవునండీ," అంది. "ఆవిడ తరవాత."

"ఒకసారి ట్రైనింగుకి వచ్చాను. ఆవిడ కోసం మాడుగుల హల్వా పట్టుకొచ్చాను. రెండు రోజులూ సెలవులో ఉంది పాపం, జ్వరమట. ఇంటికి వెళ్దామంటే బాగుండదేమోనని, గేటు దగ్గరవాళ్ళకి ఇచ్చేసి బస్సెక్కాను." ఆయన కాసేపు ఆయాసపడ్డాడు. "ఆవిడ ఎలా ఉందో తెలుసా మీకు?"

"బాగున్నారండీ. ఇక్కడే ఉంటున్నారు."

"అడిగానని చెప్పండి."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి మాత్రలు వేసుకోమని పిలుస్తోంది. వస్తున్నా అని ఆయన అటు తిరిగి అని, ఉంటానమ్మా అని ఇటు చెప్పి పెట్టేశాడు. మాట్లాడింది నాలుగు నిమిషాలు.

నాగరత్నం తరవాత ఎప్పుడూ ఆ నంబరుకు చెయ్యలేదు. ఆ రోజు మాత్రం అన్నం తినలేదు. వండినది పళ్ళెంలో పెట్టుకుని, చల్లారిపోయాక మూత పెట్టింది. గేటు దగ్గరివాళ్ళలో ఆ హల్వా ఎవరు తిని ఉంటారోనని ఆలోచించింది. ఆ ఏడాది గేటు డ్యూటీలో ఉన్న మల్లయ్య ఎప్పుడో పోయాడు.

వారం పోయాక ఆమే చంద్రకళ ఇంటికి వెళ్ళి మిగతా భాగాలు పెట్టమంది. చివరి దాంట్లో కథానాయిక రేవు గట్టు మీద ఆ మనిషిని పట్టించింది. చంద్రకళ శాపనార్థాలు పెట్టింది. నాగరత్నం కదలకుండా చూసింది. టీవీలో అతను నలభై ఏళ్ళ నటుడు, గొంతు నున్నగా ఉంది. తనకు తెలిసిన ఎవరి పోలికా అతనిలో కనబడలేదు.

సిరీస్ రెండో సీజను షూటింగుకి రావాలని ఎండాకాలంలో నిషిత అడిగింది. నాగరత్నం వస్తానంది. కారు ఎనిమిది లోపే పంపమని, తొమ్మిది దాటితే రోడ్డంతా లారీలతో నిండిపోతుందని చెప్పింది.