మామయ్యగారి మెయిలూ, ఎర్రగీతలూ

మా మామయ్యగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన రిటైరయినా చొక్కా జేబులోని ఎర్రపెన్ను మాత్రం రిటైరవలేదు. ధవళేశ్వరంలో మా ఇంటికి ఎవరైనా శుభలేఖ తెస్తే, తెచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే అందులో తప్పులకి సున్నాలు చుట్టేసేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుందమ్మా?" అనేవారు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అలాంటి మనిషికి ఒకే ఒక్క స్నేహితుడు. అదే స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు. రామచంద్రపురం నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవారు. ఆయనకి బొత్తిగా చెవుడు. మామయ్యగారు వీధి అరుగు మీద కూర్చుని ఆయనతో కబుర్లు చెబుతుంటే మా ఇంటి సంగతులన్నీ వీధివీధంతా వినేది. నా పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందన్న విషయం వంటింట్లో ఉన్న నాకంటే ముందు ఎదురింటావిడకి తెలిసేది.

ఆ మాస్టారు ఒక ఏడాది విశాఖలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఫోను చేద్దామంటే వినపడదు. ఉత్తరం రాయమందామంటే ఆయన చెయ్యి వణికి ఒక్క అక్షరమూ పోల్చుకునేలా లేదు. ఇక మిగిలింది మెయిలు. ఇళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అక్కడ మాస్టారికి కూతురు నేర్పింది, ఇక్కడ మామయ్యగారికి నేను నేర్పాను.

కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కొట్టడం మాకెవరికీ రాదు. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు ఇద్దరూ. మామయ్యగారు ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ, కొట్టే ప్రతి మాటనీ అరిచి మరీ చెప్పేవారు. "ఏరా! బతికే ఉన్నావా! నీ మోకాలెలా ఉందిరా!"

"మెయిలుకి చెవుడు లేదండీ, మామయ్యగారూ" అన్నాను ఒకసారి.

"అవతల ఉన్నది వాడు కదమ్మా" అన్నారు.

అప్పట్లో నెట్టు ఫోను లైను మీదే వచ్చేది. ఆయన ఒక్క మెయిలు పూర్తి చేసేసరికి ఆ పూటంతా మా ఫోను ఎంగేజే. మా పుట్టింటివాళ్లు కంగారుపడి, మేమంతా ఎలా ఉన్నామో చూసి రమ్మని మనిషిని పంపించేదాకా వచ్చింది. ఇక లాభం లేదని, నేనే బుర్ర ఉపయోగించి కంప్యూటర్లోకి కొత్త మెయిలు ప్రోగ్రాం ఎక్కించాను. ఇందులో నెట్టు లేకుండానే తీరిగ్గా రాసుకుని, చివర్లో ఒక్కసారి కనెక్టు చేసి పంపేయవచ్చు. అప్పటిదాకా మెయిళ్లు రాస్తున్న పాత వెబ్‌సైటుకి ఒక దణ్ణం పెట్టేశాం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మామయ్యగారు కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు, మెయిళ్లు వెళ్తున్నాయి, అరుపులు మాత్రం లేవు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే ఉంది. మధ్యాహ్నాలు కాస్త కునుకు కూడా పడుతోంది.

ఒకనాడు విశాఖ నుంచి మెయిలొచ్చింది. పైన 'కోడలమ్మాయికి' అని ఉంది. "అమ్మాయీ, మీ మామయ్యకి నా మీద కోపమెందుకొచ్చింది? నేనేమన్నా తప్పుగా అన్నానా? ఈ వయసులో వాడు కూడా మాట మానేస్తే నేనింకెవరితో మాట్లాడనమ్మా? కాస్త కనుక్కుని చెప్పు."

మామయ్యగారు పంపిన మెయిళ్లు తీసి చూశాను. అన్నీ మడత నలగని ఇంగ్లీషులో ఉన్నాయి. తమరి లేఖ అందినదనీ, తన ఆరోగ్యము సంతృప్తికరముగా నున్నదనీ, తమరి క్షేమము తెలియజేయవలసినదనీ వాటి సారాంశం. కింద 'తమ విధేయుడు' అని, పూర్తి పేరు, పక్కన బి.ఏ., బి.ఎడ్. పెన్షను ఆఫీసుకి కూడా ఆయన ఇంతకంటే ప్రేమగా రాస్తారు.

"ఇదేంటండీ, మామయ్యగారూ?" అని అడిగాను.

ఆయన కంప్యూటరు కేసి చెయ్యి చూపించారు. "నువ్వు పెట్టిన ఈ కొత్తది ఊరుకోవట్లేదమ్మా. 'ఏరా' అంటే స్పెల్లింగు తప్పని కింద ఎర్రగీత. మోకాలంటే ఎర్రగీత. ఆఖరికి నా ఇంటిపేరు కింద కూడా! ఇంగ్లీషులో రాస్తేనే నోరు మూసుకుంటోంది. అన్ని గీతలున్న కాగితం వాడికెలా పంపను? హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి."

ఆ గీతలు కూడా మెయిలుతో పాటు విశాఖ వెళ్తాయనుకున్నారు ఆయన. నాకు నవ్వాగలేదు. ఆయన ముఖం చూశాక ఆగింది.

"అవి మన కంప్యూటర్లోనే కనిపిస్తాయండి. అక్కడికి వెళ్లవు."

నమ్మితేగా! "ఎర్రసిరా పడ్డాక ఎక్కడికి పోతుందమ్మా?" అన్నారు. చివరికి ఆయన చేత 'ఏరా మోకాలెలా ఉంది' అని కొట్టించి, దాన్ని మా మెయిలుకి మేమే పంపుకున్నాం. మోడెం కీచుకీచుమని అరిచి కనెక్టయింది. వచ్చిన మెయిలు తెరిచాను. మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, తెరకి ముక్కు ఆనించి మరీ వెతికారు. ఒక్క గీత లేదు.

ఆ గీతల పీడ శాశ్వతంగా వదిలిద్దామని నేను టూల్సులోకీ, ఆప్షన్లలోకీ దూరాను. కనిపించిన డబ్బాలోనల్లా టిక్కు తీస్తూ పోతే ముందు అక్షరాలు లావెక్కాయి, తర్వాత తేదీ మాయమైంది. ఎట్టకేలకు టైపు చేస్తుండగానే స్పెల్లింగు చూసే టిక్కు దొరికింది. తీసేశాను. మామయ్యగారు వెంటనే కూర్చుని జరిగిందంతా రాసి పంపారు. ఈసారీ అరవలేదు. వాడు ఏమనుకున్నాడోనన్న బెంగతో భోజనం కూడా సరిగ్గా చేయలేదు. నాకు చాలా జాలేసింది.

మర్నాడు ఆదివారం. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి ముందు గదిలోంచి ఇల్లు అదిరిపోయేలా కేక వినపడింది. "ఏరా వెధవా! గీతలకి భయపడి నన్ను వదిలేస్తావా!" విశాఖ నుంచి వచ్చిన జవాబు. మామయ్యగారు దాన్ని కూడా అరిచే చదువుతున్నారు. ఆ వెంటనే ఆయన జవాబు కొట్టడం మొదలైంది. "ఒరేయ్! నీ మోకాలి సంగతి చెప్పవేంట్రా!"

ఎదురింటావిడ చెయ్యి తుడుచుకుంటూ తన గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, రామచంద్రపురం మాస్టారొచ్చారా ఏంటండీ?"

"వచ్చారండి" అన్నాను.