ఆడనివ్వని సెమీఫైనల్

బహ్రెయిన్‌లోని తుబ్లీలో మా వర్క్‌షాపు వెనక కొంత ఖాళీ జాగా ఉండేది. అది ఎవరిదో మాకు తెలియదు. అక్కడ రెండు ఇనుప పైపులు పాతి, నెట్టు కట్టి, శుక్రవారం పొద్దున పూట వాలీబాల్ ఆడుకునేవాళ్ళం. వారమంతా అల్యూమినియం కిటికీలు కోసి బిగించే పని మాది. డ్యూటీ అయ్యాక కూడా ఆ కోత మిషను చప్పుడు చెవుల్లో తిరుగుతూనే ఉండేది. శుక్రవారం నెట్టు దగ్గర అరుచుకుంటే తప్ప అది పోయేది కాదు.

మా జట్టుకు కెప్టెన్ మా కంపెనీ బస్సు నడిపే డ్రైవరు. కరీంనగర్ ముస్లిం. మా అందరిలోకీ పెద్దవాడు. మేం ఉండే లేబర్ క్యాంపంతా ఆయనను భాయ్ అనే పిలిచేది. మోకాళ్ళ నొప్పితో ఎగరలేకపోయేవాడు గాని, ఆయన లిఫ్ట్ చేసిన బంతి సరిగ్గా కొట్టేవాడి చెయ్యి అందుకునేంత ఎత్తులోనే లేచేది. కొట్టేవాడు పొడుగు తమ్మీ. అలాగే పిలిచేవాళ్ళం అతణ్ణి. మెట్‌పల్లి దగ్గరి పల్లె. వేరే కంపెనీలో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టడాల చుట్టూ పైపులతో మంచెలు కట్టే పని చేసేవాడు, మా క్యాంపులోనే ఉండేవాడు. అతను పోయినసారి సెలవు మీద వెళ్ళి వచ్చాకే ఊళ్ళో కూతురు పుట్టింది. ఫోనులో తప్ప ఆ పిల్లను చూసి ఎరగడు. నేను వెనక వరసలో నిలబడి, కింద పడబోయే బంతుల్ని లేపేవాణ్ణి. గొప్ప ఆటగాణ్ణేమీ కాను.

ఆ చలికాలం ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి వాలీబాల్ టోర్నమెంటు పెట్టింది. చిట్టీలు తీసి జట్లను రెండు గ్రూపులు చేశారు. ఒక్కో గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌కు వెళ్తాయి, అక్కడ గెలిచినవి ఫైనల్ ఆడతాయి. మా గ్రూపు ఆటలు తుబ్లీలో మా జాగాలోనే, శుక్రవారం పొద్దున. రెండో గ్రూపు ఆటలు సనాబిస్‌లో లైట్లున్న కోర్టులో, సాయంత్రం. 

మా గ్రూపులో అందరూ మాలాంటివాళ్ళే. గ్యారేజీల వాళ్ళు, క్లీనింగ్ కంపెనీల వాళ్ళు, రోడ్డు పనుల వాళ్ళు. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చి ఆడినవాళ్ళూ ఉన్నారు. మేం ఒక్క ఆట కూడా ఓడలేదు. సాయంత్రం గ్రూపులో ముహర్రక్ జట్టు మొదటి స్థానంలో నిలిచింది. వాళ్ళు ఎయిర్‌పోర్టులో సామాన్ ఎక్కించి దించే కుర్రాళ్ళు. రెండో స్థానం సనాబిస్ జట్టుది. ఆఫీసుల్లో పనిచేసే ఇంజనీర్లు, అకౌంటెంట్లు. వాళ్ళకు ఒకే రకం జెర్సీలుండేవి. బాగా ఆడేవాళ్ళు కూడా. ముహర్రక్ చేతిలో మాత్రం ఓడారు. మాకు సెమీఫైనల్ ఆ సనాబిస్ జట్టుతోనే పడింది, అదీ మా జాగాలోనే.

పొడుగు తమ్మీ సెలవు సరిగ్గా ఆ వారానికే వచ్చింది. కూతురి మొదటి పుట్టినరోజుకు అందేలా ఎప్పుడో అడిగి పెట్టుకున్న సెలవు అది. దాన్ని వెనక్కి జరిపించుకుంటానని అతను చెప్పినప్పుడు భాయ్ ఒప్పుకోలేదు.

“పో తమ్మీ. ఆటలు మళ్ల వస్తయ్. బిడ్డ మొదటి పుట్టినరోజు మళ్ల రాదు.”

“సెమీఫైనల్ గూడ మళ్ల రాదు భాయ్,” అన్నాడతను. “ఇన్నేండ్ల సంది పైపుల మీదనే ఉన్న. నన్ను జూడనీకె ఎవ్వలన్న వచ్చిండ్రా? సెమీఫైనల్‌కు మంది వస్తరంట.”

ఫోర్‌మన్‌ను బతిమాలుకుని సెలవు జరిపించుకున్నాడు. ఆ సంగతి చెప్పాక భార్య కొన్నాళ్ళు ఫోను ఎత్తలేదు. పుట్టినరోజు నాడు వాళ్ళ తమ్ముడు వీడియో కాల్ చేసి పిల్లను చూపించాడు. పొడుగు తమ్మీ తన బంకు మంచం మీద కూర్చుని చాలాసేపు ఆ ఫోను పట్టుకునే ఉన్నాడు. కాల్ ఎప్పుడో తెగిపోయింది.

ఆ మర్నాడే మేం ఆడే జాగా చుట్టూ రేకుల కంచె లేచింది. యజమాని ఏదో గోదాము కడుతున్నాడట. మా పైపులు పీకి ఒక మూల పడేశారు. అది అతని జాగా, అనడానికేమీ లేదు. సెమీఫైనల్ ఇంకెక్కడైనా పెడతారనుకున్నాం. కాని మరుసటి రోజు సంఘం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. వేదిక దొరకనందున సెమీఫైనల్స్ రద్దు చేశాం, అన్ని జట్ల ఆటతీరును పరిశీలించి కమిటీ ర్యాంకులు ఇచ్చింది, మొదటి రెండు ర్యాంకుల జట్ల మధ్య నేరుగా ఫైనల్ ఉంటుంది అని. మొదటిది ముహర్రక్. రెండోది సనాబిస్. మేం మూడు.

భాయ్‌కి తెలుగు చదవడం అంతగా రాదు. బస్సు పక్కన నిలబడి నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

“మూడా?” అన్నాడు. “ఓడినోళ్లు రెండు, ఓడనోళ్లు మూడా?”

మేమిద్దరం సంఘం కార్యదర్శిని కలవడానికి సనాబిస్ వెళ్ళాం. ఆయనది కోస్తా వైపు. బహ్రెయిన్‌కు వచ్చి చాలా ఏళ్ళయింది. ఒక బట్టల దుకాణం మీద గది అద్దెకు తీసుకుని సంఘం పనులు చూస్తుంటాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు.

“మీ వాళ్ళు బాగా ఆడారని విన్నానండీ,” అన్నాడు.

“విన్నరా సార్, చూసిన్రా?” అన్నాడు భాయ్.

“పొద్దున్నే కదండీ మీ మ్యాచులు. శుక్రవారం పొద్దున నాకు కుదరలేదు.”

“కమిటీల ఇంకెవ్వలన్న చూసిన్రా?”

“స్కోర్లు ఎప్పటికప్పుడు అందరికీ వచ్చాయి కదా. చూడండి, మీ మీద మాకేం కోపం లేదు. మీ గ్రూపు కాస్త వీకు. అవతలి గ్రూపులో పోటీ గట్టిది. సనాబిస్ వాళ్ళు ఓడినా గట్టి జట్టు చేతిలో ఓడారు.”

“మా గ్రూపు వీకని మీకెట్ల తెలిసింది సార్?”

“అందరినీ మీరు అంత తేలిగ్గా గెలిచారు కదండీ.”

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “తేలిగ్గ గెలిస్తె గ్రూపు వీకంటరు. కష్టపడి గెలిస్తె మా టీమే వీకంటరు. మరి మేం ఎట్ల గెలవాలె సార్? చిట్టీలు తీసింది మీరు. ఆ గ్రూపుల పోయి మేం గూసున్నమా?”

కార్యదర్శి నవ్వలేదు, విసుక్కోలేదు. అది నిజంగానే కష్టమైన నిర్ణయం అన్నాడు. చాలాసేపు చర్చించామన్నాడు. బయట ఎవరిని అడిగినా ఫైనల్‌కు తగిన జట్లు ఆ రెండే అంటారన్నాడు.

“ఒక్క ఆట ఆడిపియ్యుండ్రి,” అన్నాడు భాయ్. “వాళ్ల కోర్టులనే. ఏ టైముకైనా వస్తం. ఓడితే ఖలాస్, సలాం కొట్టి పోతం. ఆడకుండ పొమ్మంటె ఇన్సాఫ్ కాదు సార్.”

“మీ మాట కాదనను. కానీ ఫైనల్‌కు హాలు ఒక్క సాయంత్రానికే దొరికింది. ముఖ్య అతిథి గారికి కూడా ఆ రోజే వీలు. ఇప్పుడు మీకోసం మారిస్తే మిగతా జట్లూ అడుగుతాయి. ఏం చేస్తామండీ.”

ఆయన మోసగాడై ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టుకుని వచ్చేసేవాణ్ణి. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని నాకు ఇప్పటికీ నమ్మకమే. మమ్మల్ని చూడకుండానే మేం ఎంతటివాళ్ళమో తనకు తెలుసని ఆయన మనస్ఫూర్తిగా అనుకున్నాడు. చూసిన జట్టు బలమైనది, చూడని జట్టు బలహీనమైనది. అంతే ఆయన లెక్క. ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

మేం లేచి తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. “ఒక్క సాయం చేయాలండీ. హాల్లో పైపులు నిలబెట్టి నెట్టు బిగించాలి. మీ వర్క్‌షాపు వాళ్ళయితే గట్టిగా కడతారని అందరూ అన్నారు.”

“చేస్తం సార్,” అన్నాడు భాయ్.

తిరిగి వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎందుకు ఒప్పుకున్నవ్ భాయ్? జర సిగ్గు లేదా మనకు?”

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. “ముహర్రక్ పోరగాండ్లు ఆడాలె గద. నెట్టు లూజుంటె ఆట ఖరాబైతది. వాళ్లేం చేసిన్రు మనకు?”

ఫైనల్ నాడు మధ్యాహ్నమే హాలుకు వెళ్ళాం. పొడుగు తమ్మీ కూడా వచ్చాడు. పైపులు నిలబెట్టి, నెట్టు లాగి కట్టి, కుర్చీలు వేశాం. సాయంత్రానికి హాలు నిండింది. ఆడవాళ్ళు, పిల్లలు, ఫోనులు పైకెత్తి పట్టుకున్నవాళ్ళు. పొడుగు తమ్మీ చెప్పిన ఆ మంది అందరూ వచ్చారు. అతను చివరి వరసలో గోడ పక్కన కూర్చుని చూశాడు.

ఆట నిజంగా బాగా సాగింది. సనాబిస్ జట్టు గెలిచింది. మా పక్కకు వచ్చి కూలబడ్డ ముహర్రక్ కెప్టెన్ చెమట తుడుచుకుంటూ భాయ్‌ని అడిగాడు. “గ్రూపుల మేం వాళ్లను కొట్టినం. ఇయ్యాల వాళ్లు మమ్ముల కొట్టిన్రు. చెరొకటి అయినయ్. మరి కప్పు వాళ్లదెట్లయితది భాయ్?”

“ఆఖరి ఆట ఎవలిదైతె కప్పు వాళ్లది తమ్మీ.”

“గట్లైతె ముందటి ఆటలన్ని ఎందుకు ఆడిచ్చిన్రు?”

భాయ్ ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు.

ముఖ్య అతిథి మైకు పట్టుకుని, అన్ని జట్లలోకీ ఉత్తమమైన జట్టు గెలిచిందని చెప్పాడు. ఆయన చూసింది ఆ ఒక్క ఆటే. కప్పు ఇచ్చాక, ఏర్పాట్లలో సహకరించిన మిత్రులు అంటూ మమ్మల్నీ స్టేజీ మీదికి పిలిచారు. తలా ఒక శాలువా కప్పారు. పొడుగు తమ్మీ రాలేదు. బయటికి వెళ్ళి చూస్తే బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నా భుజం మీది శాలువా చూశాడు.

“అన్నా, నా బిడ్డ పుట్టినరోజు ఇడిసిపెట్టింది నెట్టు కట్టనీకేనా?”

నేను శాలువా తీసి చంకలో పెట్టుకున్నాను. ఆ తరవాతి వారమే అతను సెలవు మీద ఊరికి వెళ్ళిపోయాడు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నాళ్ళకు సనాబిస్ కెప్టెన్ మా క్యాంపుకు వచ్చాడు. ఇంజనీరు, నెమ్మదైన మనిషి. “మీతో ఆడకుండా కప్పు తీసుకోవడం నాకు బాలేదండీ. మా కోర్టుకు రండి, ఒకసారి ఆడదాం,” అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో మా దగ్గరికి తనంతట తాను వచ్చిన మనిషి అతనొక్కడే. భాయ్ వెంటనే సరేనన్నాడు. పొడుగు తమ్మీ వచ్చేదాకా ఆగుదామని నేనన్నాను. “వాళ్లంతట వాళ్లు పిలిచినంక సాకులు చెప్తె ఏం బాగుంటది?” అన్నాడు భాయ్.

ఆడాం. ఓడిపోయాం. మొదటి సెట్టు బాగా వెనకబడి ఓడాం, రెండోది చివరిదాకా లాక్కొచ్చి వదిలేశాం. భాయ్ ఎప్పటిలాగే లిఫ్ట్ చేశాడు. ఆ ఎత్తుకు మాలో ఎవరి చెయ్యీ అందలేదు. వాళ్ళు గర్వంగా ఏమీ ప్రవర్తించలేదు. నీళ్ళిచ్చారు, చేతులు కలిపారు.

సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఎవరో పెట్టారు, కమిటీ అంచనా తప్పలేదని రుజువైంది అని. దాని కింద వరసగా బొటనవేళ్ళు, చప్పట్లు. కార్యదర్శి కూడా ఒక నమస్కారం పెట్టాడు. ఆ రోజు ఆడింది చలికాలం ఆడిన జట్టు కాదని రాయబోయాను. రాసి చదువుకుంటే ఓడినవాడి సాకులాగే ఉంది. తుడిపేశాను. అప్పుడైనా గెలిచేవాళ్ళమో లేదో నాకు తెలియదు. సనాబిస్ వాళ్ళు మాకంటే మంచి జట్టే కావచ్చు. అది తేలాల్సింది ఆ వారంలో, అందరం ఉన్నప్పుడు. ఓడితే ఆ రాత్రే మరచిపోయి పొద్దున డ్యూటీకి పోయేవాళ్ళం.

పొడుగు తమ్మీకి ఫోను చేసి చెప్పాను. వెనక పిల్ల ఏడుస్తోంది.

“నేనుంటే గెలుస్తుంటిమా అన్నా?”

“ఏమో తమ్మీ.”

“జర ఆగు, బిడ్డ ఇంక నా దగ్గరికి వస్తలేదు, కొత్తోడనుకుంటుంది,” అని ఫోను పెట్టేశాడు. అతని వీసాను కంపెనీ మళ్ళీ పొడిగించలేదు. తిరిగి రాలేదు. భాయ్ మోకాలు మరీ పాడై, క్లచ్ తొక్కడమే కష్టమై, ఆట మానేశాడు. మిగతావాళ్ళను వేరే క్యాంపుకు మార్చారు.

మరుసటి చలికాలం సంఘం మళ్ళీ టోర్నమెంటు పెట్టింది. ఈసారి ర్యాంకులు లేవు, గ్రూపుల తరవాత అన్నీ నాకౌటే. నియమాలు మెరుగుపరిచామని రాశారు. ఎందుకు మెరుగుపరచాల్సి వచ్చిందో రాయలేదు. ఒక సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళి చూశాను. పక్కన నిలబడ్డాయన కొత్తగా వచ్చినట్టున్నాడు, మాట కలిపాడు.

“మీరు గూడ ఆడుతరా అన్నా?”

“పోయినేడు ఆడినం.”

“మరి ఎవల చేతుల ఓడిపోయిన్రు?”

“ఎవ్వల చేతుల ఓడలె.”

“అంటె కప్పు మీదేనా?”

కాదన్నాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, మర్యాదగా తల ఊపి, కోర్టు వైపు తిరిగాడు. అప్పుడే ఎవరో సర్వీస్ నెట్టుకు కొట్టారు.