అమెరికా స్టేడియంలో యాదమ్మ పెద్దమ్మ

నా ఉద్యోగాన్ని నా చేతులారా నేనే ముంచుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది.

కరోనా రోజులు. హైదరాబాద్ పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో మంచం మీద కూర్చుని అమెరికా బేస్‌బాల్‌కు సేవ చేస్తున్నాను. ఆ ఆటలో ఎవరు ఎందుకు పరిగెత్తుతారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నా పని వేరు. స్టేడియంలోకి జనాన్ని రానివ్వడం లేదు కాబట్టి అభిమానులు తమ ఫోటోలు పంపేవారు. వాటిని నేను శుభ్రం చేసి పంపిస్తే, అక్కడివాళ్లు మనిషంత అట్టబొమ్మలు చేసి కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. మొదట్లో ఫోటోలు తెగ వచ్చాయి. తర్వాత జనానికి విసుగొచ్చింది. అట్టలు చూసే ఆట మనుషులెందుకు చూస్తారు చెప్పండి?

మేనేజర్ ఫోన్ చేశాడు.

"శీనూ, ఇయ్యాల ఎన్నొచ్చినయ్?"

"పన్నెండు సార్."

"పన్నెండేనా! స్టాండ్ ఖాళీ కనిపిస్తే క్లయింట్ ప్రాజెక్ట్ బంద్ చేస్తడు. ఫస్ట్ పోయేది నీ జాబే!"

దానికి తోడు ఇంకో పని నెత్తిన ఉంది. గల్లీ మొత్తానికి లాప్‌టాప్ నాదొక్కటే. అందుకని నలభై మంది రేషన్ కార్డు దరఖాస్తులు నేనే నింపి, వాళ్ల ఫోటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టాను. ఆ కంగారులోనే రేషన్ ఆఫీసుకు ఒక ఫోల్డర్, అమెరికాకు ఒక ఫోల్డర్ పంపేశాను.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ మ్యాచ్ పెట్టాను. బంతి ఎగిరి స్టాండ్‌లో పడింది. కెమెరా దాని వెంటే వెళ్లింది. మూడో వరుసలో, కొంగు నెత్తి మీద కప్పుకుని, మా గల్లీలో పూలమ్మే యాదమ్మ పెద్దమ్మ! పక్కన పంక్చర్లేసే నర్సింగన్న. వెనకాల గల్లీ అంతా. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. రేషన్ కార్డు ఫోటో తీసిన స్టూడియోవాడు కదలొద్దన్నాడు కదా మరి.

చాయ్ ఒళ్లో పడింది. అంతలో ఫోన్ మోగింది.

"శీనూ, ఎవరయ్యా వీళ్లు?"

"ఫ్యాన్స్... సార్."

"ఇంత సీరియస్‌గ ఆట చూసేటోళ్లు యాడ దొరికిన్రు? క్లయింట్ ఫుల్ ఖుష్! నెక్స్ట్ మ్యాచ్‌కు గూడ వీళ్లే గావాల్నంట!"

ఏడవాలో నవ్వాలో తెలియక "సరే సార్" అన్నాను. ఫోన్ పెట్టానో లేదో గుమ్మంలో యాదమ్మ పెద్దమ్మ.

"ఏం బిడ్డా, రేషన్ ఆఫీసోల్లు ఫోన్ జేసిన్రు. నా ఫారం మీద ఎవడో గడ్డపాయన ఉన్నడంట, ఎర్ర టోపీ పెట్టుకొని. ఎవరాయన?"

లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. తనను తాను చాలాసేపు చూసుకుంది.

"గాడ నేనేం జేస్తున్న?"

"ఆట చూస్తున్నవ్ పెద్దమ్మా. నీ ఫోటో అమెరికాకు పోయింది. ఆయన ఫోటో నీ ఫారం మీదికొచ్చింది."

"ఏం ఆట గది?"

"నాకు గూడ తెల్వది."

"మంచిగుంది! నా బియ్యం వాడు తింటుంటె, వాని ఆట నేను సూడాల్నా? లేపు నన్ను ఆడికెల్లి!"

లేపాను. ఆమెతో పాటు నలభై మందినీ లేపాను. తర్వాతి మ్యాచ్‌లో ఆ అసలు అభిమానుల పన్నెండు అట్టలే కూర్చున్నాయి. క్లయింట్ ప్రాజెక్టును లేపాడు, మేనేజర్ నన్ను లేపాడు.

ఆ రోజే దేవుడి పటం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో యాదమ్మ పెద్దమ్మను అడగకుండా ఆమెను ఏ ఆటకూ అభిమానిని చేయను.