మా మావ మహురి పట్టిన వారం

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో నలభై ఏళ్లు సన్నాయి వాయించాడు. ఆ చుట్టుపక్కల పెళ్లంటే మా మావ ఉండాల్సిందే. అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్న టీ తాగుతుంటే మూతి కుడిపక్క నుంచి టీ కారిపోయింది. తుడుచుకున్నాడు, మళ్లీ కారింది. అద్దంలో చూసుకుంటే మొహం ఒక పక్కకి లాగేసి ఉంది.

ముఖం నరం దెబ్బతిందన్నారు డాక్టర్లు. మందులు, కరెంటు పెట్టించడం, బుడగలు ఊదించడం అన్నీ అయ్యాయి. కొన్ని నెలలకి మొహం చాలావరకు సర్దుకుంది. కొత్తవాళ్లు చూస్తే తెలియదు. కానీ సన్నాయి నోట పెట్టి ఊదితే గాలంతా కుడి మూల నుంచి బుస్సుమని పోయేది. నాలుగుసార్లు ప్రయత్నించి, సన్నాయిని పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. ఆ తర్వాత మాట్లాడడం కూడా తగ్గించేశాడు.

రెండేళ్ల తర్వాత మా అత్త ఫోన్ చేసింది.

"అమ్మీ, మీ మావని ఓ వారం నీ కాడ ఉంచుకుంటావేటి? ఇక్కడ గోడకేసి సూత్తా కూకుంటన్నాడు. నాకు బయమేస్తంది."

"పంపించు అత్తా, మాకేం ఇబ్బంది లేదు" అన్నాను.

మేముండేది కొరాపుట్‌లో. నాది మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం. జనన మరణ ధ్రువపత్రాల సీటు. మా ఆయనకి సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలో పని, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతారు. నేను వారం సెలవు పెట్టాను. చుట్టాలొస్తే ఏం చూపించాలో మాకు కొత్త కాదు. మొదటిరోజు కొండ మీద జగన్నాథుడి గుడి, దాని పక్కనే మ్యూజియం. రెండోరోజు కొలాబ్ డ్యామ్. మూడోరోజు కాఫీ తోటలు. ఓపికుంటే దేవమాలి కొండ. కళ్లు మూసుకుని తిప్పగలను.

మావ మధ్యాహ్నం రైలుకి దిగాడు. చేతిలో చిన్న సంచి, ఒక గొడుగు. బాగా చిక్కిపోయాడు. "ఎలాగున్నావు మావా?" అంటే "ఊఁ" అన్నాడు. ఇల్లు చేరేదాకా అదే ఆఖరి మాట.

సాయంత్రం వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మా వీధిలో తెలుగు ఆడవాళ్లు వారానికి రెండుసార్లు భజన చేస్తారు. ఆ రోజు భజన ఉంది. అది ఇంకా అవుతుండగానే వెనక వీధి చర్చిలో పాటల ప్రాక్టీసు మొదలైంది. ఆడగొంతులు ఒక వరసలో, మగగొంతులు ఇంకో వరసలో. దూరంగా కొండవైపు నుంచి డోలు కూడా వినిపిస్తోంది. మాకు ఇదంతా రోజూ ఉండే గోలే, చెవికి ఎక్కదు. మావ తల అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"మీ ఊల్లో ఎవులూ ఊరుకోరేటి?" అన్నాడు.

రెండేళ్లలో ఆయన నోట అంత పెద్ద మాట నేను వినడం అదే మొదలు. నవ్వొచ్చింది. ధైర్యం కూడా వచ్చింది.

మర్నాడు గుడికి వెళ్లాం. దండం పెట్టుకుని, ప్రసాదం తిని మ్యూజియంలోకి నడిచాం. నగలు, గుడ్డలు, విల్లంబులు, కుండలు. మావ మర్యాదకి చూస్తున్నాడు. వాయిద్యాలున్న అద్దాల బీరువా దగ్గర మాత్రం ఆగిపోయాడు. నుదురు అద్దానికి తగిలేంతగా వంగాడు.

"అమ్మీ, దీన్నేటంటారు?"

"మహురి అంటారు మావా. ఇక్కడి వాళ్లు పెళ్లిళ్లకి వాయిస్తారు."

"మన సన్నాయికి సెల్లెల్లాగుంది" అన్నాడు. వేలితో చూపిస్తూ, "పీక కింద ఈ బిళ్లేటి?" అన్నాడు.

అప్పుడు చూశాను. నోట పెట్టుకునే తాటాకు పీక కింద, గుండీకంటే పెద్దగా ఒక గుండ్రటి బిళ్ల ఉంది. ఆ బీరువా ముందు నేను ఇరవైసార్లయినా నిలబడి ఉంటాను. ఆ బిళ్లని ఎప్పుడూ చూడలేదు. అక్కడున్న ఉద్యోగిని అడిగాను. "చీటీ మీద రాసిందే నాకు తెలుసు దీదీ. వాయించేవాళ్లనే అడగాలి" అన్నాడు.

ఇంటికొచ్చాక మర్నాటికి డ్యామ్ అని గుర్తుచేశాను. మావ అన్నం కలుపుతూ, "డ్యాం ఎక్కడికీ పోదు గానీ, ఆ బిళ్ల పెట్టి వాయించీవోడు కావాల" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పారు. "చూడు, ఆయన ఇప్పటికే ఒకసారి నీరసపడిపోయాడు. లేనిపోని ఆశ పెట్టి మళ్లీ పడేస్తావేమో."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే కదా. కానీ మావ అడిగింది ఒక్కటే. అదీ కాదని ఎలా అనడం?

అప్పుడు ఒక మనిషి గుర్తుకొచ్చాడు. కొన్నాళ్ల కిందట మనవరాలి జనన ధ్రువపత్రం కోసం మా ఆఫీసుకి ఒక ముసలాయన వచ్చాడు. పిల్ల మా ఊరి ఆసుపత్రిలో పుట్టింది. ఆయన భుజాన గుడ్డసంచి, అందులోంచి ఇత్తడి గరాటులాంటిది బయటికి కనిపిస్తోంది. అదేమిటని అడిగితే మహురి అన్నాడు. పెళ్లికి వాయించడానికి పోవాలి, తొందరగా ఇప్పించమని బతిమాలాడు. పత్రంలో పిల్ల పేరు తప్పు పడితే నేనే దిద్ది, మళ్లీ సంతకం పెట్టించి ఇచ్చాను. ఆయనది దసమంతపూర్ వైపు ఊరని మాత్రం జ్ఞాపకం.

మర్నాడు దసమంతపూర్ బస్సెక్కాం. మా అదృష్టం, ఆ రోజు అక్కడ సంత. అల్లం బస్తాలు, చోళ్లు, ఎండు చేపలు, వెదురు బుట్టలు. నలుగురిని అడిగితే ఐదో మనిషి చెయ్యి చూపించాడు. టీ కొట్టు పక్కన రాయి మీద ఆయనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "జన్మపత్రం దీదీ!" అని కేకేశాడు. సంతలో సగం మంది వెనక్కి తిరిగారు.

మా మావ సంగతి ఆయనకి చెప్పాను. ఆయనకి తెలుగు రాదు, మావకి ఒడియా రాదు. నేను మధ్యలో ఉన్నాను. మహురి వినాలని వచ్చామంటే ఆయన ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి తీశాడు, తాటాకు పీకని నోట్లో తడిపాడు, బిళ్లకి పెదాలు ఆనించి బుగ్గలు పూరించాడు.

అద్దాల బీరువాలో బొమ్మలా పడుంటే ఏమో అనుకున్నాను గానీ, దాని గొంతు సంతంతా చీల్చుకుంటూ పోయింది. బేరాలు ఆగాయి. బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డచోటే ధింసా నాట్యపు అడుగు వేశారు, నవ్వుకున్నారు. నేను మావ వైపు చూశాను. ఆయన గొడుగు కర్రని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. వేళ్లు కర్ర మీద లేస్తున్నాయి, పడుతున్నాయి. పాట ఏదో తెలియకపోయినా వేళ్లు వెంటబడి పోతున్నాయి.

ముసలాయన అది కనిపెట్టాడు. ఠక్కున ఆపి, మహురిని కండువాతో తుడిచి, మావ వైపు చాచాడు.

"బజాన్తు" అన్నాడు. వాయించండి అని.

మావ వెనక్కి జరిగి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నావల్ల కాదని సెప్పమ్మీ. గాలి నిలవదని సెప్పు."

చెప్పాను. ఆయన మావ మూతి వైపు పరీక్షగా చూశాడు. తర్వాత తన నోరు పెద్దగా తెరిచాడు. ముందు పళ్లు ఒక్కటీ లేవు.

"ఇవి పోయినప్పుడు నా పనీ అయిపోయిందనుకున్నాను" అన్నాడు. "మా నాన్న ఈ బిళ్ల ఎందుకు పెట్టేవాడో అప్పుడు తెలిసింది. పెదాల్ని దానికి అదిమి పెట్టమను. పట్టు పెదాలది కాదు, బిళ్లది."

నేను తెలుగులో చెప్తుంటే మావ నన్ను చూడలేదు, బిళ్లనే చూస్తున్నాడు. ముసలాయన మహురికి దారంతో కట్టి వేలాడుతున్న పీకల్లోంచి కొత్తది ఒకటి తీసి అమర్చాడు. మావ అందుకున్నాడు. పెదాలు తడుపుకుని బిళ్లకి ఆనించాడు.

మొదటిసారి ఉత్త గాలే. రెండోసారి గాలితో పాటు ఉమ్ము. వెనకెవరో నవ్వారు. నాకు ఆ క్షణంలో మావ చెయ్యి పట్టుకుని బస్టాండుకి లాక్కుపోవాలనిపించింది. మా ఆయన మాటే చెవిలో మోగుతోంది. మావ మాత్రం కండువాతో మూతి తుడుచుకున్నాడు. కుడి బుగ్గని అరచేత్తో లోపలికి అదిమిపట్టి, ఒక్క చేత్తోనే మహురి నిలబెట్టి మళ్లీ ఊదాడు.

పిల్లికూన అరుపులాంటిది ఒకటి వచ్చింది. అది వంకరగా వచ్చి, వణికి, నిదానంగా నిలబడింది. షడ్జం. ఎంతసేపు పట్టాడో నాకు తెలియదు. వదిలేసి మళ్లీ పట్టాడు. ఈసారి బుగ్గ మీద చెయ్యి తీసేసి, వేళ్లు రంధ్రాల మీదికి దించి పైకి రెండు మెట్లు ఎక్కాడు, దిగాడు.

ఆపి నవ్వాడు. నవ్వితే మూతి కొంచెం వంకరే. "అమ్మీ, ఇన్నావా?" అన్నాడు. తల ఊపాను.

మిగతా నాలుగు రోజులూ దసమంతపూర్ బస్సే మా తీర్థయాత్ర. కొలాబ్ చూడలేదు, దేవమాలి ఎక్కలేదు. ముసలాయన ఇంటి అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఊదుతుంటే నేను ఆ ఇంటి కోడలితో కబుర్లు చెబుతూ చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని. రెండో రోజుకే నా దుబాసీ పని తగ్గిపోయింది. మావ సన్నగా మోహన రాగం ఎత్తితే ముసలాయన తొడ మీద చరిచి, ఇది మా పాటే, పెళ్లికూతుర్ని వాగు దాటించేటప్పుడు వాయిస్తామన్నాడు. తర్వాత అదే పాటని తమ పద్ధతిలో ఊదాడు. మావ కళ్లు మూసుకుని విని, "ఇంకోపాలి" అన్నాడు. అది మాత్రం నేను చెప్పకుండానే ఆయనకి అర్థమైంది.

వెళ్లే ముందు రోజు ముసలాయన ఎండిన సొరకాయ బుర్ర ముక్కని కత్తితో గుండ్రంగా కోసి, మధ్యలో కన్నం పెట్టి, అంచులు నున్నగా గీకి మావ చేతిలో పెట్టాడు. నీ సన్నాయికి పెట్టుకో అని సైగ చేశాడు. మావ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రైలెక్కాడు.

ఊరెళ్లగానే అంతా బాగైపోలేదు. సన్నాయి పీక బిరుసు, మహురి పీకలా లొంగదు. ఎన్నో పీకలు గీకి పల్చన చేశాడు, ఎన్నో పగలగొట్టాడు. అత్త ఫోన్లు మాత్రం మారాయి. "ఏటి మందెట్టేవమ్మీ మీ మావకి? తెల్లారితే సాలు, పీకలు గీకడమే. పక్కింటోల్లు తిడతన్నారు" అనేది, గొంతులో సంతోషం దాచుకోలేక.

తర్వాతి ఏడాది రాయగడలో మా చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. మా మరిది రైల్వేలో టెక్నీషియన్, పెళ్లి వాళ్ల కాలనీలోనే. మగపెళ్లివారు పెద్ద పెద్ద స్పీకర్లు తెస్తామన్నారు. అవి ఊరేగింపుకి తెచ్చుకోండి, ముహూర్తానికి మాత్రం మా మావ సన్నాయే అని మా చెల్లెలు ఖచ్చితంగా చెప్పేసింది. మావకి ఫోన్ చేశాను.

"ఆడొస్తే నానొస్తాను" అన్నాడు. ఆడంటే దసమంతపూర్ ముసలాయన.

వచ్చాడు. తలపాగా చుట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు రోజే బస్సు దిగాడు. పొద్దున్న ముహూర్తం. కాలనీలో డోలు వాయించే వాళ్లిద్దరు జతకూడారు. మావ సన్నాయి ఎత్తాడు. పీక కింద సొరకాయ బిళ్ల. మొదట్లో గొంతు కొంచెం బొంగురుగా వచ్చింది, పాత పదును లేదు. కానీ పాట పాటగానే వచ్చింది. పందిట్లో పెద్దవాళ్లు, ఆయన్ని ఎరిగినవాళ్లు, మాటలు ఆపేశారు.

ఇరవై నిమిషాలకి ఆయన కుడి బుగ్గ అదరడం నేను చూశాను. అప్పుడే పురోహితుడు గట్టిమేళం అని చెయ్యి ఊపాడు. మావ శ్రుతి సగంలో సన్నగిల్లుతుంటే, పక్కనుంచి మహురి అదే స్వరం మీద లేచింది. ఒక్క క్షణం కూడా ఖాళీ పడలేదు. తాళి కట్టడం అయ్యేదాకా మహురే మోగింది. మా వాళ్లు ఎవరికీ తెలియని పాట, అయినా అక్షింతలు వేస్తూ ఎవరూ అదేమిటని అడగలేదు. మావ ఊపిరి తీసుకుని, బుగ్గ రుద్దుకుని, చివర్లో మళ్లీ కలిశాడు.

మర్నాడు ఇద్దర్నీ నాగావళి మీది వేలాడే వంతెనకి తీసుకెళ్లాను. రాయగడ వచ్చి అది చూడకుండా పోతారా? సగం దూరం వెళ్లేసరికి వంతెన ఊగింది. ముసలాయన హడలిపోయి నిలబడిపోయాడు. మావ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"బయమేటి? ఈ నీరు మా సిక్కోలు మీదుగానే సముద్రంలోకి పోద్ది" అన్నాడు తెలుగులో.

ఆయన ఒడియాలో ఏదో పొడుగ్గా జవాబిచ్చాడు. మావ "అదే కదా!" అన్నాడు. నేను కల్పించుకోలేదు. ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని, గుణుపురం వాళ్లెవరో తమ ఇంటి పెళ్లికి వాయించడానికి నిన్ననే ఇద్దర్నీ రమ్మని అడిగిన సంగతి చెరో భాషలో మాట్లాడుకుంటూ, మెల్లగా అవతలి ఒడ్డుకి నడిచారు.