ఆయన రాసిన జాబితా

మా ఆయన విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెబుతారు. అందులోనూ భద్రతా అధ్యయనాలు. సరిహద్దులు, రహస్యాలు, ఎవరిని ఎంతవరకు నమ్మాలి... ఇరవై రెండేళ్లుగా అదే పాఠం. ఇంట్లో మాత్రం కళ్లజోడు ఎక్కడ పెట్టారో రోజూ నన్నే అడుగుతారు.

మూడేళ్ల కిందట ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయి. కొత్త నిబంధనలు రాసే పని ఈయన నెత్తిన పడింది. పడడమేమిటి, ఎగిరి గంతేసి తీసుకున్నారు! పత్రాలు తయారుచేసేవాళ్లు రెండు రోజుల ముందే ఒక గదిలోకి వెళ్లాలి. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. పరీక్ష మొదలయ్యేదాకా తాళం తియ్యరు, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే తప్ప. అదీ ఎవరికి? తల్లికి, తండ్రికి, భార్యకి, పిల్లలకి. అంతే. "అత్తయ్యలూ మామయ్యలూ అని మొదలుపెడితే గది ఖాళీ అయిపోతుందే" అంటూ నాకు చదివి వినిపించి మురిసిపోయారు. నిరుడు ఆర్థికశాస్త్రం మాస్టారి మేనమామ చావుబతుకుల్లో ఉంటే, ఆయన్ని కదలనివ్వనిది ఈయనే.

ఈసారి లోపలికి ఈయన వెళ్లారు. ఆ మధ్యాహ్నమే వాళ్ల పిన్ని కుప్పకూలింది.

కన్నతల్లి పురిట్లోనే పోతే, పెళ్లి కూడా మానుకుని ఈ మనిషిని పెంచింది ఆవిడే. ఆస్పత్రి మంచం మీద ఒక్కటే మాట, "వాడొచ్చాడా?"

పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాను. కాపలా పెద్దాయన నిబంధనల కాగితం తెచ్చి చూపించాడు.

"ఇందులో పిన్ని లేదమ్మా. సారే రాశారు కదా."

"ఆ రాసినాయన్నే పిలవవయ్యా, నేనడుగుతాను!"

"పిలవకూడదని కూడా సారే రాశారమ్మా."

ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టాలనిపించింది. చివరికి పెద్దాయనే జాలిపడి, పరీక్షల అధికారి చెవిన వేస్తానన్నాడు. సాయంత్రందాకా అక్కడే నిలబడ్డాను. కబురూ లేదు, కాకరకాయా లేదు. తిరిగొచ్చి "దారిలో ఉన్నారు అత్తయ్యా" అని చెప్పాను. మర్నాడూ అదే అబద్ధం.

మూడో రోజు పొద్దున పదింటికి తాళం తీశారు. గడ్డం మాసి, కళ్లు పీక్కుపోయి బయటికొచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నారు.

"అధికారి మొన్నే చెప్పాడే. అమ్మ అని రాసి సంతకం పెట్టండి, పంపించేస్తాం అన్నాడు."

"మరి?"

"ఎదురుగా ఆర్థికశాస్త్రం మాస్టారు కూర్చున్నాడు. నావైపే చూస్తున్నాడు. ఏం చెయ్యను? ఆవిడ మా అమ్మ కాదండీ అనేశాను."

రెండు రోజులూ అధికారిని తిట్టాను, గేటుని తిట్టాను, ఆ పెద్దాయన్ని కూడా వదల్లేదు.

"కాళ్లు పట్టుకుంటానులే. నామీద పిన్నికి కోపం నిలవదు. పద, ఎలా ఉంది?" అంటూ చెప్పుల్లో కాళ్లు పెడుతున్నారు.

"తెల్లవారుజామున పోయిందండీ."

ఒక చెప్పుతోనే గేటు ముందు కూలబడిపోయారు. ఆలస్యమైన పిల్లలు పరీక్ష హాళ్లలోకి పరుగెడుతూ చూస్తున్నారు. ఆ పెద్దాయన మంచినీళ్లు తెచ్చినా అందుకోలేదు.

"మా అమ్మే కదే," అన్నారు. "మా అమ్మే."